తుప్పూ నీడా నీటి పనే

(చిత్రకారుడు సూర్యప్రకాశ్ స్మారకోపన్యాసం. మలక్‌పేటలో చేసిన ప్రసంగానికి ముద్రణ పాఠం.)



సూర్యప్రకాశ్ గారి స్మృతిలో మాట్లాడమని అడిగినప్పుడు నేను ఒక్కటే కోరాను, సభ మలక్‌పేటలో పెట్టమని. ఆయన ఇక్కడివారు కారు, ఖమ్మం జిల్లా మధిరలో పుట్టినవారు. కానీ ఆయన బొమ్మల్లోకి నేను నడిచిన దారి మాత్రం ఇక్కడిదే. నల్లగొండ చౌరస్తా దగ్గర మా నాయన ఒక మోటారు షెడ్డులో డెంటింగు పని చేసేవాడు. బడి వదలగానే నేను నేరుగా షెడ్డుకే పోయేవాణ్ణి. నేను బొమ్మలు చూడడం నేర్చుకున్నది మొదట అక్కడ, ఆ తర్వాత ఆర్ట్ కాలేజీలో.

ఆ షెడ్డు గురించి కాస్త చెప్పనివ్వండి. సొట్ట పడిన మడ్‌గార్డును లోపలి నుంచి సుత్తితో మెల్లగా కొట్టి నాయన పైకి తెచ్చేవాడు. మిగిలిన గుంటల్లో లప్పం పట్టించి, అది ఆరాక నీళ్ళు చల్లుతూ వాటర్ పేపర్‌తో రుద్దేవాడు. అరచేయి ఆనించి, కళ్ళు మూసుకుని, ఆ రేకు మీద చేయి నడిపించేవాడు. కంటికి దొరకని ఎత్తుపల్లాలు చేతికి దొరుకుతాయి. ఆ తర్వాత రెడ్ ఆక్సైడ్. కారు యజమాని తెలుపు అడిగినా, నీలం అడిగినా, ముందు పడేది ఎరుపే. "ఇనుముకు ముందుగాల ఎర్రది వెయ్యాలె బిడ్డా. ఆ తర్వాత నువ్వు ఏ రంగన్న వేసుకో" అనేవాడు. ఎందుకని అడిగితే, "తుప్పు పట్టకుండ" అనేవాడు. ఆ డబ్బాలో ఉన్న ఎరుపు కూడా ఐరన్ ఆక్సైడే అని, తుప్పుకు దగ్గరి చుట్టమే అని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. తుప్పును ఆపడానికి తుప్పు రంగునే పూస్తారన్నమాట. ఆనాటి నుంచి ఆ సంగతి నా తలలోంచి పోలేదు.

షెడ్డు మూలన ఒక అంబాసిడర్ బానెట్ వెల్లకిలా పడి ఉండేది. అందులో ఎప్పుడూ నీళ్ళుండేవి. పంక్చరైన ట్యూబులో గాలి నింపి ఆ నీళ్ళలో ముంచితే ఎక్కడ చిల్లు పడిందో బుడగలు చెప్పేవి. పనిలేని మధ్యాహ్నం ఆ నీళ్ళు కదలకుండా నిలబడేవి. పక్కనున్న వేపచెట్టు ఆకులు రాలి వాటి మీద తేలేవి. అడుగున తుప్పు, పైన ఆకు, మధ్యలో తలకిందులుగా ఆకాశం. మళ్ళీ ఈ బానెట్ దగ్గరికి వస్తాను.

1980ల మధ్యలో ఒక పాత కేటలాగులో సూర్యప్రకాశ్ గారి 'డెడ్ ఆటోమొబైల్స్' వరుస చిత్రాల్లో ఒకటి చూశాను. నలుపు తెలుపు అచ్చు, అరచేతికి మించని సైజు. అయినా దాంట్లో ఎరుపు ఎక్కడ ఉంటుందో, గోధుమరంగు ఎక్కడ మొదలవుతుందో, ఏ అంచున రేకు చేయి కోస్తుందో నాకు తెలిసిపోయింది. తర్వాత అసలు చిత్రాలు చూసినప్పుడు నేను అనుకున్న రంగులు కొన్ని తప్పని తేలింది. అంచులు మాత్రం తప్పలేదు.

జీవిత విశేషాలు తొందరగా చెప్పేస్తాను. పుట్టింది 1940లో. అప్పటికి ఖమ్మం జిల్లానే లేదు, అది 1953లో ఏర్పడింది. మధిర అప్పుడు నిజాం రాజ్యపు అంచున, వరంగల్ జిల్లాలో ఉండేది. అవతల కృష్ణా జిల్లా, అంటే ఇంగ్లీషువారి మద్రాసు. పక్కనే వైరా ఏరు, ఊళ్ళోంచి కాజీపేట–బెజవాడ రైలుదారి. హైదరాబాద్ వచ్చి ప్రభుత్వ లలితకళల కళాశాలలో చదివారు. ఆ కళాశాల మొదలైంది కూడా 1940లోనే. తర్వాత ఢిల్లీ వెళ్ళి చిత్రకారుడు రామ్‌కుమార్ దగ్గర శిష్యరికం చేశారు. తిరిగి హైదరాబాద్ వచ్చి, ఈ ఊరినే అంటిపెట్టుకుని ఉండిపోయారు. చాలాకాలం డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్‌లో రెసిడెంట్ ఆర్టిస్టుగా ఉన్నారు. 2019 మే నెలలో కన్నుమూశారు.

రామ్‌కుమార్ దగ్గర మాత్రం ఆగాలి. సిమ్లాలో పుట్టిన రామ్‌కుమార్ హిందీ కథకుడు కూడా, రచయిత నిర్మల్ వర్మకు అన్న. 1950 ప్రాంతంలో పారిస్ వెళ్ళి ఆంద్రె లోత్ దగ్గర, ఫెర్నాన్ లెజె దగ్గర చదువుకున్నారు. ఈ లెజె మొదటి ప్రపంచయుద్ధంలో ఇంజనీర్ల దళంలో పనిచేసినవాడు. ఎండలో మెరిసే ఫిరంగి లోహం తన కళ్ళు తెరిపించిందని చెప్పుకున్నాడు. ఆ తర్వాత గొట్టాలు, చక్రాలు, పిస్టన్లు ఆయన బొమ్మల్లోకి వచ్చాయి. లెజె లోహం కొత్త లోహం, నిగనిగలాడే లోహం. ఆయన దగ్గర చదువుకున్న రామ్‌కుమార్ లోహం వైపు పోలేదు. 1960లో చిత్రకారుడు హుసేన్‌తో కలిసి కాశీ వెళ్ళి, ఘాట్లు, మెట్లు, గోడలు గీశారు. జనంతో కిటకిటలాడే కాశీలోంచి కొద్దికొద్దిగా జనాన్ని తీసేశారు. సూర్యప్రకాశ్ ఆయన దగ్గరికి చేరింది సరిగ్గా ఆ రోజుల్లోనే. మనుషులు లేని బొమ్మలో మనిషి బాధ ఎలా నిలుస్తుందో అక్కడ చూసి ఉంటారు. హైదరాబాద్ వచ్చాక తాతగురువు లోహాన్ని తీసుకున్నారు, కాకపోతే చచ్చిన లోహాన్ని. గురువుగారి నిశ్శబ్దాన్ని దానికి కలిపారు. ఈ వంశక్రమం నా ఊహ. ఆయన చెప్పగా విన్నది కాదు.

ఇక ఆ మోటార్ల సంగతి.

'పాడైన మోటార్లు' అనలేదు, 'తుక్కు' అనలేదు. 'డెడ్' అన్నారు. ప్రాణం ఉన్నదే చచ్చిపోతుంది. మా షెడ్డులోనూ అదే మాట. ఇంజను బోరుకొచ్చిందనేవారు, బండిలో జాన్ లేదనేవారు, చివరికి బండి సచ్చిందనేవారు. ఆ కాలంలో కారు చావడమంటే మాటలు కాదు. కొత్త కారుకు పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసే రోజులవి. ఉన్నవల్లా అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్. అందుకని ఒక బండిని మెకానిక్కులు ముప్ఫై నలభై ఏళ్ళు బతికించేవారు. ఒకదాని డైనమో ఇంకొకదానికి, ఒకదాని గేర్‌బాక్స్ మరొకదానికి. ఇక లాభం లేదనుకున్నాకే కటింగు. అప్పుడు కూడా అద్దాలు, సీట్లు, దీపాలు, తీగలు, చివరికి స్క్రూలు సైతం విడివిడిగా అమ్ముడుపోయేవి. కమాన్ పట్టీలు కమ్మరి కొలిమికి చేరి కొడవళ్ళయ్యేవి.

అంటే హైదరాబాద్‌లో చచ్చిన మోటారు అంటే అన్నీ దానం చేసేసిన శరీరం. అమెరికాలో జాన్ చాంబర్లేన్ అనే శిల్పి 1950ల చివర నుంచి కార్ల రేకులను నలగ్గొట్టి శిల్పాలు చేశాడు. ఆయన రేకుల మీద రంగు ఇంకా తళతళలాడుతుంది, ఎందుకంటే అక్కడ కారు యవ్వనంలోనే పారేస్తారు. సూర్యప్రకాశ్ మోటార్లలో ఆ దర్పం కనబడదు. డొల్ల, పక్కటెముకల్లా తేలిన చట్రం, దీపాలు పీకేసిన గుంటలు. మన దగ్గర వస్తువు ఎలా ముసలిదవుతుందో అంత నిజాయితీగా చెప్పిన చిత్రకారుడు నాకు ఇంకొకరు కనబడలేదు.

ఇదంతా బీదవాళ్ళ బండ్ల కథే అనుకోకండి. చౌమహల్లా ప్యాలెస్‌లో ఇప్పుడు పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటి అద్దంలా తుడిచి పెట్టారు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా తెప్పించమన్న బండి, అది వచ్చేసరికి ఆయన లేరు. ఏడో నిజాం 1967లో పోయాక ఆ సంస్థానపు మోటార్లు గ్యారేజీల్లో దుమ్ము పట్టాయి. సూర్యప్రకాశ్ చచ్చిన మోటార్ల మీద పని చేసిన కాలమూ దాదాపు అదే. రాజుగారి బండికీ టాక్సీకీ తుప్పు ఒకే రంగులో పడుతుంది.

మలక్‌పేటవాళ్ళకు దీంట్లో ఇంకో చుట్టరికం ఉంది. నగరం తూర్పువైపు బండ్లకు నంబరు పడేది మన ఆర్టీఏ ఆఫీసులోనే. ఏపీ 11, 2014 నుంచి టీఎస్ 11, 2024 నుంచి టీజీ 11. సొంత బండికి మొదటిసారి ఇచ్చే రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు. 1886లో ఇక్కడికి వచ్చిన రేస్‌కోర్సులో గుర్రానికి తల్లీతండ్రీ ఎవరో రాసి పెట్టుకుంటారు. మోటారుకు నంబరు తప్ప వేరే చరిత్ర లేదు. నంబరు పలక కూడా ఊడిపోయాక అది ఏ ఇంటిదో, ఏ పెళ్ళికి పువ్వులు కట్టుకుని వెళ్ళిందో చెప్పేవారుండరు. ఆ స్థితిలో ఉన్నదాని ఎదుట సూర్యప్రకాశ్ కూర్చున్నారు.

ఇప్పుడు నేను చెప్పదలచిన అసలు మాట. సూర్యప్రకాశ్ జీవితాన్ని రెండు ముక్కలు చేసి చెప్పడం మన విమర్శకులకు అలవాటైంది. మొదట తుక్కు, మోటార్లు, విషాదం. తర్వాత చెరువులు, చెట్లు, రాలిన ఆకులు, నీళ్ళలో నీడలు, ప్రశాంతత. చేదు నుంచి తీపికి వచ్చారని మెచ్చుకునేవాళ్ళు కొందరు, ధైర్యం వదిలి అందానికి లొంగిపోయారని నిష్ఠూరమాడేవాళ్ళు కొందరు. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది. ఆయన ముందు వేసినదీ తర్వాత వేసినదీ ఒకటే అంటాను. మొదటి నుంచీ చివరిదాకా ఆయన వేసింది నీటి పనితనాన్ని.

తుప్పు ఎలా పడుతుంది? ఇనుము, గాలిలోని ఆక్సిజన్, నీరు, ఈ మూడూ కలవాలి. పొడిగాలిలో ఇనుము ఎంతకాలమైనా ఓర్చుకుంటుంది. తడి తగిలితేనే పొలుసులు లేస్తాయి. చచ్చిన మోటారు ఒంటి మీది ప్రతి ఎర్రమచ్చా ఒక వానాకాలపు సంతకం. ఇక చిత్రకారుడి పెట్టెలో చూడండి. యెల్లో ఓకర్, రా సియెన్నా, బర్న్ట్ సియెన్నా, ఇండియన్ రెడ్. ఈ మట్టిరంగులన్నిటికీ ప్రాణం ఐరన్ ఆక్సైడే. పచ్చమట్టిలో ఆ ఆక్సైడ్‌తో పాటు నీరు అణువణువునా కలిసి ఉంటుంది. నిప్పుల మీద కాలిస్తే నీరు పోయి ఎర్రబడుతుంది. రా సియెన్నా బర్న్ట్ సియెన్నా అయ్యేది అలాగే. అంటే పసుపుకూ ఎరుపుకూ మధ్య తేడా నీరు ఉండడం, నీరు లేకపోవడం. మన ఇళ్ళల్లో గడపకూ అరుగుకూ అలికే జాజు ఇదే కుటుంబం. భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గర పాండవుల గుట్టలో ఆదిమానవుడు రాతి మీద గీసిన ఎర్రబొమ్మలూ ఇదే రంగు. అది తెలిశాక, తుప్పును తుప్పు రంగుతోనే గీస్తున్న చిత్రకారుణ్ణి తలచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఆయన కాన్వాసు మీద మోటారు బొమ్మా, మోటారు మీది తుప్పూ ఒకే పదార్థం.

నీడల సంగతి. చెరువు గట్టున నిలబడి చూడండి. కాళ్ళ దగ్గర నీళ్ళలోకి నిటారుగా చూస్తే అడుగు కనబడుతుంది, రాళ్ళు, బురద. దూరంగా చూపు ఏటవాలుగా పడే చోట అడుగు మాయమై, ఆకాశం, చెట్టు కనబడతాయి. ఈ రెండిటి మధ్య ఎక్కడో ఒక చోట రెండూ కలగలిసి ఉంటాయి. ఆ చోటును వేయడం చాలా కష్టం. సూర్యప్రకాశ్ తన శక్తినంతా ఆ చోటు మీదే పెట్టారు. అడుగు, పైపొర, ఆకాశం, ఈ మూడూ ఒక్క తలం మీద ఉండాలి, దేని దూరం దానికుండాలి. అందుకు ఆయనకు సాయపడినది రాలిన ఆకు. ఆకు అడ్డంగా తేలుతుంది, నీడ నిలువుగా దిగుతుంది. ఆ ఒక్క ఆకు లేకపోతే నీళ్ళు ఎక్కడున్నాయో కన్ను పట్టుకోలేదు. ఈ బొమ్మల్లో ఎక్కువ భాగం అక్రిలిక్‌లో వేశారు. అదీ నీటితో పలచబరిచే రంగే.

మోటారు చిత్రాల్లోనూ మూడు పొరలే కదా. అడుగున రేకు, దాని మీద ఎర్రని ఆక్సైడు, పైన పెచ్చులూడిన నీలమో ఆకుపచ్చో. ఒక పొర చిరిగిన చోట కింది పొర తొంగి చూస్తుంది. పైపొరనే చూస్తూ దాని కిందిదాన్ని పట్టుకునే కన్ను ఆయనకు తుక్కు దగ్గర తయారైంది. అదే కన్నుతో చెరువు దగ్గరికి వెళ్ళారు.

మా బానెట్ దగ్గరికి మళ్ళీ వస్తానన్నాను. ఆయన నీటి చిత్రాన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు జ్ఞాపకం వచ్చినది ఏ తామరకొలనూ కాదు, ఆ బానెట్. అందులో చచ్చిన మోటారు ఉంది, నీళ్ళున్నాయి, ఆకుంది, ఆకాశముంది. రెండు దశలు అంటున్నారే, ఆ రెండూ ఒక్క రేకులో ఇమిడి మా షెడ్డు మూలన ఉండేవి.

ఆయన్ని ఫ్రెంచి చిత్రకారుడు మోనేతో పోల్చడం మామూలైపోయింది. మోనే గొప్పవాడే. జివెర్నీలో తన కొలను తానే తవ్వించి, కలువలు తానే నాటించి, కళ్ళకు శుక్లాలు కమ్ముతున్నా వదలకుండా వేశాడు. 1926లో పోయిన మరుసటి ఏడు ఆ పెద్ద చిత్రాలు పారిస్‌లో జనానికి తెరిచారు. కానీ మోనే నీళ్ళలో పువ్వు ఉంటుంది. సూర్యప్రకాశ్ నీళ్ళలో నా కన్ను పోయేది ఎండుటాకు మీదికి. పండి, రాలి, తేలుతూ, మునగబోతూ ఉన్న ఆకు. అది చెట్టు నుంచి ఊడిన విడిభాగం.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. చివరి దశాబ్దాల్లో ఆయన వేసినవన్నీ ఒకే ఎత్తున లేవు. కొన్నింటిలో ఆకుపచ్చ మరీ సులువుగా వచ్చేసింది. గోడకు అలంకారంగా నిలబడి, మనల్ని నిలబెట్టలేని చిత్రాలు ఉన్నాయి. అంతకాలం, అంత పనిచేసిన మనిషికి అది తప్పు కాదు. కానీ మంచివాటిని గుర్తుపట్టాలంటే బలహీనమైనవాటిని పక్కన పెట్టడం అభిమానులుగా మన బాధ్యత.

తెలుగువాళ్ళకు ఆయన ఎందుకు అంతగా తెలియదు? ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా బాధపెడుతోంది. లక్ష్మాగౌడ్ గారూ ఈయనా ఒకే ఏడాది పుట్టారు, ఒకే కళాశాలలో చదివారు. వైకుంఠం గారు రెండేళ్ళు చిన్న. లక్ష్మాగౌడ్ మేకను, వైకుంఠం బొట్టును చూడగానే వీధిలో పిల్లవాడు కూడా గుర్తుపడతాడు. వాటిలో మన ఊరుంది, మన అమ్మ ఉంది. నాకు ఆ ఇద్దరూ ప్రాణమే. సూర్యప్రకాశ్ బొమ్మలో మనిషి లేడు, చీర లేదు, కథ లేదు. మనం బొమ్మను మొదట చూసింది వారపత్రికలో, కథ పక్కన. అందుకని ప్రతి బొమ్మనూ 'ఎవరు వీళ్ళు, ఏం జరిగింది' అని అడుగుతాం. ఎవరూ లేని బొమ్మ ముందు ఏం అడగాలో మనకు ఎవరూ నేర్పలేదు. బడిలో డ్రాయింగు పీరియడ్‌ను లెక్కల మాస్టారికి ఇచ్చేసే చోట ఇంకెలా వస్తుంది? ఇది కోపంతోనే అంటున్నాను. పదో తరగతి పిల్లలను ఒక్కసారి ఆయన నీటి చిత్రం ముందు పావుగంట కూర్చోబెట్టండి చాలు.

ఇక మన నీళ్ళ సంగతి. ఈ సభకు కూతవేటు దూరంలో మూసీ ఉంది. 1908 సెప్టెంబరు 28న ఊరిని ముంచిన ఏరు. 2020 అక్టోబరులో మూసారాంబాగ్ వంతెన మునిగినప్పుడు మనలో చాలామంది కళ్ళారా చూశాం. మిగతా రోజుల్లో దాని ముఖం మీద గుర్రపుడెక్క పరుచుకుని ఉంటుంది. గుర్రపుడెక్క కమ్మిన నీటిలో నీడ పడదు. చుట్టుపక్కల కుంటలు కాలనీలయ్యాయి. సూర్యప్రకాశ్ తేటనీళ్ళు వేస్తూ ఉన్న ఏళ్ళలోనే ఈ ఊరు తన తేటనీళ్ళను పోగొట్టుకుంది. ఆ చిత్రాలను ప్రశాంతత అనడం నాకు అందుకే మనసొప్పదు. వాటిలో నాకు మోటార్ల నాటి దుఃఖమే వినిపిస్తుంది, గొంతు తగ్గించి.

మా షెడ్డు ఇప్పుడు లేదు. మా నాయనా లేడు. పోయే ముందు ఏడాది ఆయనకు సూర్యప్రకాశ్ మోటారు బొమ్మ ఒకటి పుస్తకంలో చూపించాను. చాలాసేపు చూశాడు. కాగితం మీద అరచేయి ఆనించి, కళ్ళు మూసుకుని, మెల్లగా నడిపించాడు. "లప్పం పెట్టలేదు. మంచిగ చేసిండు" అన్నాడు.

మీ వెనక గోడకు రెండు ప్రింట్లు కట్టించాం. ఒకటి మోటారు, ఒకటి నీళ్ళు. అసలు చిత్రాలు కావు, అచ్చులే. వాటి మధ్య కావాలనే జానెడు ఎడం మాత్రం ఉంచమన్నాను. నేను ఇంతటితో మాట్లాడడం ఆపుతాను. దయచేసి కుర్చీలు అటువైపు తిప్పుకోండి.